నడుమునొప్పికి సూదిమందు



నాట్లు, కలుపుతీత, బస్తాల మోత – ఈ పనులన్నిటి భారమూ చివరకు పడేది నడుము మీదనే. నొప్పి పట్టుకుందంటే చాలు, “ఒక్క సూది వేయించుకుంటే రేపు పొలానికి పోవచ్చు” అనుకుంటాం. ఆ సూదిలో స్టెరాయిడు ఉండవచ్చు. దాని మంచిచెడ్డలు ఈ పూట చెప్పుకుందాం.

స్టెరాయిడు చెడ్డ మందేమీ కాదు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ ఇచ్చి మంచి గుణం చూశాడు. 1950లో ఆయనకూ, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమానం వచ్చింది. వాపును అణచే శక్తి ఈ మందుకు ఉన్నది. అయితే ప్రతి నడుమునొప్పీ వాపువల్ల వచ్చేది కాదు. బరువెత్తి పట్టేసిన నడుము చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పేరు మాత్రం సూదికి పోతుంది.

సూదులు రెండు రకాలు. ఒకటి పిర్రకు వేసేది. ఆ మందు ఒళ్లంతా పాకుతుంది. మాటిమాటికీ వేయించుకుంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, రోగాన్ని తట్టుకొనే శక్తి తగ్గుతుంది. వెన్నెముకకు క్షయ ఉన్నవారికైతే పైకి నొప్పి తగ్గినట్టుండి, లోపల రోగం ముదరవచ్చు. వేరు కుళ్లిన మిరపమొక్కకు ఆకుమీద యూరియా చల్లిన చందమే! దీర్ఘకాలపు నడుమునొప్పికి స్టెరాయిడు మందులు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది.

రెండోది వెన్నులో, నరాల దగ్గర వేసేది. డిస్కు జారి నరాన్ని నొక్కి, నొప్పి పిర్రనుంచి పిక్కదాకా తీవ్రంగా లాగుతుంటే, నిపుణుడైన డాక్టరు ఎక్స్‌రే తెరమీద చూస్తూ వేస్తాడు. కొందరికి కొన్నాళ్లు సుఖమిస్తుంది. జారిన డిస్కును మాత్రం వెనక్కి నెట్టదు. శుభ్రత కూడా ప్రాణంతో సమానం. 2012లో అమెరికాలో బూజు చేరిన ఈ మందువల్ల 60 మందికి పైగా మరణించారు.

కాబట్టి సూదికి ముందు అడగండి: ఇది ఏ మందు? ఎందుకు వేస్తున్నారు? మందు పేరు చీటీమీద రాయించుకొని దాచుకోండి. చక్కెరవ్యాధి ఉంటే ముందే చెప్పండి. చాలాకాలంగా స్టెరాయిడు బిళ్లలు మింగుతున్నవారు మాత్రం హఠాత్తుగా మానరాదు. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

నొప్పి వచ్చిందని మంచానికి అతుక్కుపోకండి. కాపడం పెట్టుకొని, ఓర్చుకోగలిగినంత నడవండి. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టండి. నిండు బస్తాకు ఇద్దరు చెయ్యి వేయండి.

కాళ్లు పట్టుతప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా ఆలస్యం చేయక ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం వస్తున్నా, మనిషి చిక్కిపోతున్నా డాక్టరుకు చూపించండి.

విస్తరణ కార్యకర్తలు ఈ గుర్తులను రైతు సమావేశాల్లో చెప్పాలి. ఒక్కరోజు కూలి పోతుందని తొందరపడి, ఏళ్ల తరబడి పనిచేయవలసిన నడుమును పోగొట్టుకోవద్దు.