వెల లేని పుస్తకములు – గ్రంథాలయముల బాధ్యత



పుస్తకమే పాఠకుని వెదకికొని పోవలెనన్న మాట కృష్ణాతీరమునకు క్రొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము గ్రంథాలయము పక్షమున పడవలో పుస్తకములుంచి, కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలువగట్టు పల్లెలకు పంపిరి. తరువాతి కాలమున పటమటలోని సర్వోత్తమ భవనమునుండి గ్రంథాలయోద్యమమును నడిపినవారును వారే. ఆనాటి పడవ పనిని నేడు అంతర్జాలము చేయుచున్నది. అయితే పడవలో ఏ పుస్తక మెక్కింపవలెనో నిర్ణయించుటకు ఆనాడు వివేకము కావలసివచ్చినట్లే నేడును కావలెను.

చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి తలపెట్టిన పది లక్షల పుస్తకముల ప్రణాళికలో మనదేశము పాలుపంచుకొనెను. భారత డిజిటల్ లైబ్రరీ పేర వేలకొలది తెలుగు గ్రంథముల పుటలు ఛాయాచిత్రములైనవి. కాని 2017 ప్రాంతమున ఆ జాలస్థలము మూతపడెను. పలువురి శ్రమవలన అందులోని పుస్తకములు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవులో నిలిచినవి. పరుల అలమరలోనున్న పుస్తకము మన పుస్తకము కాదని ఇది నేర్పిన పాఠము.

ఉచితముగా దొరకిన ప్రతి పుస్తకమును స్వేచ్ఛాగ్రంథము కానేరదు. 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ఇప్పటి సవరణతో, రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లవరకు హక్కు నిలుచును. 1958లో దివంగతులైన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 2019 జనవరి 1 నుండియు, 1960లో దివంగతులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి రచనలు 2021 జనవరి 1 నుండియు అందరి సొత్తైనవి. 1976లో గతించిన విశ్వనాథ సత్యనారాయణగారి రచనలకు 2036 చివరివరకు హక్కు కలదు. ప్రాచీన కావ్యమునకు హక్కు లేకున్నను, దానికి ఇటీవలివారు వ్రాసిన వ్యాఖ్యకు హక్కుండును. రచయిత తానై ఉచితముగా నిచ్చిన పుస్తకమును సంతోషముగా గ్రహింపవచ్చును. దొంగప్రతిని చేర్చుకొన్న గ్రంథాలయము మాత్రము రచయిత కూటికి ఎసరు పెట్టినదగును.

వెదకుటకును ఒక పద్ధతి కలదు. మొదట గ్రంథాలయములో లేని పుస్తకములకును, శిథిలమైనవానికిని పట్టిక వ్రాయవలెను. ప్రతి రచయిత పేరునకెదురుగ మరణసంవత్సరము గుర్తింపవలెను. పాత సేకరణలలో తెలుగు పేర్లను రోమను లిపిలో తప్పులతో నెక్కించిరి; కావున ఒకే పేరును పలు వర్ణక్రమములతో వెదకవలెను. దొరకినదానిని తెరచి, పుటలు తప్పిపోయినవేమో చూడవలెను. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందసేవకులు పుటపుటను సరిచూచి అక్షరరూపమున నెక్కించిన గ్రంథములు కలవు. అట్టివానిని అక్షరములు పెద్దవి చేసి చదువవచ్చును. చూపులేనివారు యంత్రముచేత చదివించుకొని వినవచ్చును.

తెచ్చిన పుస్తకమునకు అచ్చుపుస్తకమునకువలెనే రిజిస్టరులో సంఖ్య, రచయిత, ముద్రణ సంవత్సరము, లభించిన చోటు వ్రాయవలెను. వేర్వేరు చోట్ల రెండు ప్రతులు భద్రపరుపవలెను. ఫోను లేని వృద్ధునికొరకు పఠనమందిరములో ఒక కంప్యూటరును, దానిని తెరచి చూపు ఓపికగల మనిషియు నుండవలెను. ఆ మనిషి లేనిచో వేయి పుస్తకములున్నను తాళము వేసిన బీరువాతో సమానము.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇంతకన్న తగిన సంకల్పము లేదు. చందాదారులు తలకొక రచయితను ఎన్నుకొని వెదకినచో, కాగితము పొడియై రాలకముందే మన పెద్దల వాక్కు రాబోవు తరమువారి చేతికందును.