డీఎస్సీ లెక్కలోకి రాని ఏళ్లు

వాన మొహం చాటేసిన ఏడు బెంగళూరుకో కేరళకో బయలుదేరే కుటుంబాలు అనంతపురం ఉపాధ్యాయులకు కొత్త కాదు. హాజరుపట్టీలో వరసగా గైర్హాజరు గుర్తులు పడుతుంటే మనకు అర్థమైపోతుంది. ఇవాళ నేను మాట్లాడదలచింది ఇంకో వలస గురించి. బీఈడీ చేసి, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి మాల్దీవులకో గల్ఫ్‌కో పాఠాలు చెప్పడానికి వెళ్లినవాళ్ల వలస అది. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇథియోపియా బడుల్లో మన దేశపు ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో పనిచేశారు. దారి పాతదే.

వాళ్లు తిరిగొచ్చి పర్మనెంటు పోస్టుకు దరఖాస్తు పెడితే ఏమవుతుంది? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. ఎస్జీటీకైనా స్కూల్ అసిస్టెంటుకైనా రాతపరీక్షకు 80, టెట్‌కు 20. వంద మార్కులూ అక్కడికే సరి. పదేళ్లు తరగతి నడిపినవాళ్లకూ నిన్నగాక మొన్న కాలేజీ వదిలినవాళ్లకూ తేడా లేదు. పైగా ఓసీలకు వయోపరిమితి 44. బయట గడిపిన ఏళ్లు అభ్యర్థి వయసును పెంచుతాయి గానీ విలువను పెంచవు. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది.

విశ్వవిద్యాలయాల్లో ఈ పట్టింపు లేదు. యూజీసీ 2018 నిబంధనలు, అర్హతల షరతులకు లోబడి, విదేశాల్లో చేసిన రెగ్యులర్ అధ్యాపక సర్వీసునూ లెక్కలోకి తీసుకుంటాయి. ఇంగ్లండ్ సంగతి చూడండి. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో శిక్షణ పొంది పనిచేసిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు తమ అనుభవాన్ని చూపించి అక్కడి గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన బడిలో నేర్చుకున్న పనితనానికి వాళ్లు విలువ కట్టారు. బయటి దేశాల్లో నేర్చుకొచ్చిన పనితనానికి మనం కట్టలేమా?

ఆ పనితనం ఏమిటో మాల్దీవుల ఉదాహరణతో చెబుతాను. అక్కడి పిల్లలు ఇంట్లో ధివేహి మాట్లాడతారు. బడిలో చాలా సబ్జెక్టులు ఇంగ్లీషులో నడుస్తాయి. మన టీచరుకేమో ధివేహి రాదు. భిన్నాలు చెప్పాలంటే కాగితం మడవాలి, మడిచినచోట గీత గీయాలి, పిల్లల చేతనే విప్పించాలి. ఒక్కో మాటనూ బోర్డు మీద బొమ్మతో నిలబెట్టాలి. పిల్లవాడు తలూపితే అర్థమైందని అనుకోకుండా, వాడిచేత చేయించి చూడాలి. మడకశిర, డి.హీరేహాళ్ వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. తండాల్లో లంబాడీ పిల్లలున్నారు. వాళ్లముందు ఇంగ్లీషు మీడియం పుస్తకం తెరిచే టీచరుకు కావలసిన విద్య సరిగ్గా ఇదే. డీఎస్సీ బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఎంత వెతికినా ఇది దొరకదు.

ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. విమానమెక్కే స్తోమత ఉన్నవాళ్లకు మార్కులు కలిపితే, ఊళ్లోనే విద్యా వాలంటీరుగా చాలీచాలని గౌరవ వేతనంతో బతికినవాళ్ల గతేమిటి? అందుకే విదేశానుభవానికి ప్రత్యేక పీట వేయమని నేనడగను. తండాలో రెండేళ్లు, మాల్దీవుల్లో రెండేళ్లు ఒకే తూకానికి రావాలి. కలిపే మార్కులు ఐదుకు మించకూడదు. లేదంటే డీఎస్సీ మీద ఉన్న నమ్మకమే చెడుతుంది.

సర్టిఫికెట్లు కొనుక్కొస్తారని భయపడేవారికి నా జవాబు ఒకటే. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరణ, జీతం జమైన బ్యాంకు పత్రం, పని అనుమతి, మూడూ అడగండి. ఆపైన ఏదైనా ప్రభుత్వ బడిలో, ముందుగా చెప్పని పాఠం మీద, నిజమైన పిల్లలముందు ఒక పీరియడ్ చెప్పించండి. చూసేవాళ్లలో ఆ తరగతి టీచరు కూడా ఉండాలి. ఊళ్లో పనిచేసినవాళ్లకూ ఇదే పరీక్ష పెట్టాలి.

ఇలా మార్కులు పొందినవారికి మొదటి ఐదేళ్లు సరిహద్దు మండలాల్లోనో తండా బడుల్లోనో పోస్టింగు తప్పనిసరి చేయాలి, మధ్యలో డిప్యుటేషన్ ఇవ్వకూడదు. ఈ షరతును దరఖాస్తులోనే రాయించుకుందాం. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకుంటే, వచ్చే నోటిఫికేషన్‌కు ముందే ఈ విన్నపాన్ని విద్యాశాఖ ముందు పెడదాం.