ఆ నవల్లో తండ్రి చనిపోడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాల గురించి మాట్లాడమన్నారు. ముంబై రోడ్డు మీద సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చిన రోజుల గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నేను ఒక తప్పు ఒప్పుకోవడానికి మైకు తీసుకున్నాను. మా బ్యాచ్ మిత్రుడికి నేను చేసిన అన్యాయం అది. వాడు మూడో వరుసలో కూర్చున్నాడు. చెప్పమన్నది వాడే, పేరు మాత్రం వద్దన్నాడు.

వాడు చందానగర్ స్టేషన్‌లో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి హైటెక్ సిటీలో దిగేలోపు రోజూ కొంత ఫోన్‌లో టైపు చేసుకుంటూ ఒక నవల రాశాడు. నూట ఎనభై పేజీలు. అందరికన్నా ముందు నాకే పంపాడు. నేను నలభై పేజీలు చదివి ఆగిపోయాను. పది రోజులకు ఫోన్ చేసి "ఎలా ఉందిరా?" అన్నాడు. "అదిరిపోయింది, వెంటనే పుస్తకం వెయ్యి" అన్నాను. వేశాడు. సొంత డబ్బుతో మూడు వందల కాపీలు. ఆవిష్కరణ సభలో నేనే మాట్లాడాను, ఆ మొదటి నలభై పేజీల గురించి. సగానికి పైగా కాపీలు ఇప్పటికీ వాళ్లింట్లో మంచం కింద ఉన్నాయి.

ఏడాది తర్వాత ఒకరోజు అడిగాడు: "చివర్లో తండ్రి చనిపోయే ఘట్టం నీకెలా అనిపించింది?" "కళ్లు చెమర్చాయిరా" అన్నాను. వాడు కాసేపు ఆగి, "ఆ నవల్లో తండ్రి చనిపోడు" అన్నాడు. తర్వాత ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇతరులు రాసిన కోడ్ చదివి లోపాలు చెప్పడం నా రోజువారీ పని. ఈ లైను ఎందుకు, ఇక్కడ డేటా రాకపోతే ఏమవుతుంది అని అడుగుతాం. మామూలుగా ఎవరూ అలగరు. చదవకుండా సరే అన్నవాడినే తప్పుపడతాం. ఎందుకంటే అర్ధరాత్రి అది ఆగిపోతే లేవాల్సింది మేమే. కథ దెబ్బతింటే మనకు ఆ ఫోను రాదు. నష్టమంతా రాసినవాడిదే. అందుకే "బాగుంది" అనేస్తాం. నేను దాన్ని స్నేహం అనుకున్నాను. నిజానికి అది బద్ధకం.

ఇక్కడ ఇంతమంది గురువులున్నారు కనుక ఒక మాస్టారిని తలుచుకుంటాను. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. మొదట రాసిన కథలు తనకే తృప్తినివ్వక, 1950ల నడుమ రాయడం ఆపి కొన్నేళ్లు ఊరుకున్నారు. 1964లో 'యజ్ఞం' వచ్చింది. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. అంత పేరొచ్చాక కూడా కొత్తగా రాసేవాళ్ల కథలు ఓపిగ్గా చదివి, వాళ్లతో కూర్చుని చర్చించేవారు. కథ ఎలా రాయాలో 'కథాకథనం' అని ఒక పుస్తకమే రాశారు. తన కథలనే తప్పుబట్టుకోగలిగిన మనిషి కనుక ఎదుటివాడి కథ దగ్గర అంత ఓపిక పట్టగలిగారని నాకనిపిస్తుంది. గురజాడ వారు కూడా 1897లో అచ్చయిన 'కన్యాశుల్కా'న్ని అంతటితో వదల్లేదు. బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. అంతటివాళ్లే తిరగరాసుకున్నప్పుడు మావాడికి ఆ అవకాశం లేకుండా చేసింది నా "అదిరిపోయింది" అన్న మాట.

మన బడి మిత్రులకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కథలో కోపిష్టి డ్రిల్లు మాస్టారు కనబడగానే ఆయనెవరో మనకు తెలిసిపోతుంది. "ఆయన అలాంటివారు కాదురా" అని వాదన మొదలుపెడతాం. మనిషి గురించి మాట్లాడతాం, కథను వదిలేస్తాం. ఆ మాస్టారిని ఎన్నడూ చూడని పాఠకుడికి ఆయన కనబడుతున్నాడా లేదా అన్నదే మనం చెప్పాల్సింది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి కొన్నే. ముందు, ఏం కావాలో అడుగుతాను. కొందరికి అచ్చుతప్పులు చూస్తే చాలు, కొందరికి కథ నిలబడిందో లేదో తెలియాలి. చదవడానికి తీరిక లేకపోతే లేదనే చెబుతాను. చదివితే చివరిదాకా, పెన్సిల్ పట్టుకుని చదువుతాను. ఎక్కడ ఆగి మళ్లీ చదివానో, ఎక్కడ మనసు పక్కకు పోయిందో పేజీతో సహా చెబుతాను. ఎలా మార్చాలో చెప్పను. వాట్సాప్ గ్రూపులో అసలే చెప్పను, ఎదురుగా కూర్చుని చెబుతాను.

కిందటేడు మావాడు పన్నెండు పేజీల కథ ఒకటి ఇచ్చాడు. రెండుసార్లు చదివి, స్టేషన్ దగ్గర టీ తాగుతూ చెప్పాను: "నాలుగో పేజీలో ఉత్తరం చింపేసే చోటు మళ్లీ చదివాను. ఏడు నుంచి తొమ్మిది దాకా నాకు ధ్యాస నిలవలేదు." వాడి ముఖం మాడిపోయింది. "నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు అవేరా" అన్నాడు. టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ ఎనిమిది నెలలా అనుకున్నాను. మూడు వారాలకు తిరగరాసి పంపాడు. ఆ మూడు పేజీలు ఒక్క పేజీ అయ్యాయి. నాకు నచ్చిన ఉత్తరం ఘట్టం మాత్రం పూర్తిగా ఎగిరిపోయింది! ఎందుకని అడగలేదు. కథ వాడిది.

మా తెలుగు మాస్టారు మా వ్యాసాల పక్కన ఎర్రసిరాతో "ఇక్కడ ఏం చెప్పదలిచావు?" అని రాసేవారు. అప్పట్లో ఏడుపొచ్చేది. ఆ ప్రశ్న రాయాలంటే ఆయన నలభై మంది వ్యాసాలూ ఆసాంతం చదవాలి కదా అని ఇప్పుడు అర్థమవుతోంది. మనలో రాసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఈ సావనీర్ ఇంటికి తీసుకెళ్లాక ఒక్క రచనైనా చివరిదాకా చదివి, రాసినవాళ్లకు ఫోన్ చేసి, ఎక్కడ ఆగారో చెప్పండి. ఇది చదివినా సరే, నాకూ చెప్పండి.