ఆప్తవాక్యం, అరచేతి తెర

గౌతముడి సూత్రాలు మూలంగా ఎదిగిన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం, మనిషికి నిజమైన జ్ఞానం కలిగే దారులను ప్రమాణాలని పిలిచి, ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగుగా లెక్కించింది. శబ్దమంటే ఇక్కడ ఏ మాట పడితే ఆ మాట కాదు, ఆప్తుడి మాట. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనుకునేవాడు ఆప్తుడని, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ ఒకటేనని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. వాడుక తెలుగులో మాత్రం ఈ పదానికి దగ్గరివాడు, కావలసినవాడు అన్న అర్థం స్థిరపడింది. సామాజిక మాధ్యమాల మేలూ కీడూ ఈ రెండు అర్థాల నడుమనే పుడుతున్నాయన్న సంగతి, నేడు ఈ సభలో పట్టాలు అందుకుంటున్న స్నాతకులకు అందరికంటే ఎక్కువగా తెలియవలసి ఉంది.

ఈ మాధ్యమాలకూ విశ్వవిద్యాలయానికీ పుట్టుకతోనే బంధం ఉంది. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ వసతిగృహంలో మొదలైన ఫేస్‌బుక్ తొలుత అక్కడి విద్యార్థులకే పరిమితమై, 2006 సెప్టెంబరులో గాని పదమూడేళ్ళు నిండిన అందరికీ తలుపులు తెరవలేదు. నాటి నుండి జరిగిన మేలు చిన్నది కాదు. మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాల విద్యార్థి ఐఐటీ ఆచార్యుల పాఠాలను ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ బోధన పథకం ద్వారా యూట్యూబ్‌లో ఉచితంగా వినగలుగుతున్నాడు. ఏ పట్టా లేని రైతు తన చేలో తాను చూసిన తెగులు గురించి తానే మాట్లాడగలుగుతున్నాడు, వాత్స్యాయనుడి లెక్కన ఆ విషయంలో అతడు నిస్సందేహంగా ఆప్తుడు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో ఉద్ధృతి విరుచుకుపడినప్పుడు, దేశమంతటా ఎందరో విద్యార్థులు ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో ఫోను చేసి కనుక్కుని, నిర్ధారించుకున్న వివరాలనే ట్విట్టర్‌లో ఉంచారు. ఆ ఒక్క ఫోను కాల్ వదంతిని ఆప్తవాక్యంగా మార్చిందని, దానివల్ల కొన్ని ప్రాణాలు నిలిచాయని గుర్తుచేసుకోవడం ఈ తరానికి దక్కవలసిన గౌరవం.

ఆ ఫోను కాల్ లేనిచోట ఏం జరుగుతుందో అంతకు మూడేళ్ళ ముందే తేలింది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో పాకి, తెలంగాణతో సహా పలు రాష్ట్రాల్లో ఏ పాపమూ ఎరుగని మనుషులు గుంపుల చేతుల్లో చనిపోయారు. ఆ సందేశం పంపినవారిలో అత్యధికులు దుర్మార్గులు కారు. తమ ఇంటి పిల్లల క్షేమం కోరి, బావమరిది పంపినదాన్ని పినతల్లికి పంపినవారు. మొదట ఎవరన్నారో తెలియని మాట, పంపినవారి ముఖం చూసి నమ్మదగినదైపోయింది. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్ళలోకి పంపి, డప్పులతో, పాటలతో జనానికి నిజం చెప్పించారు. వాట్సాప్ సంస్థ 2018 జులైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. అనేకసార్లు చేతులు మారిన సందేశాల విషయంలో 2020 ఏప్రిల్‌లో ఆ హద్దును ఒక్క చాట్‌కు తగ్గించింది. వేగాన్ని తగ్గించే పని యంత్రం చేయగలిగింది, కాని మాట ఎవరిదని అడిగే పని దానికి చేతకాదు.

ఆ పని పట్టభద్రుల మీద మిగతావారికంటే ఎక్కువ బరువుగా పడుతుంది. తమ ఇంట్లో తొలిసారి పట్టా అందుకుంటున్న స్నాతకులు తెలుగునాట నేటికీ ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట్లో వారు పంపిన ప్రతి సందేశం చదువుకున్నవాళ్ళ మాటగా చెల్లుబాటవుతుంది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి మధుమేహం మందు గురించి పంపినదాన్ని కూడా నాయనమ్మ డాక్టరు మాటతో సమానంగా స్వీకరిస్తుంది. పట్టా ఒక విషయంలో ఆప్తత్వాన్ని ఇస్తే, ఇంటివారి ప్రేమ దాన్ని అన్ని విషయాలకూ విస్తరింపజేస్తుంది.

దీనికి తోడు, తెర మీద ఏది ముందు కనబడాలో నిర్ణయించే గణన విధానం, అంటే అల్గారిథమ్, చూసేవారిని ఎంతసేపు నిలపగలదన్నదానికే పెద్దపీట వేస్తుంది తప్ప మాటలోని సత్యాన్ని తూచదు. సమాచారం పెరిగినకొద్దీ మనిషి అవధానం కరువవుతుందని అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. అలా చెదిరిన మనసుతో యౌవనంలో రాసిన మాటలు కూడా చెరిగిపోవు: అమెరికా వీసా దరఖాస్తులు 2019 నుండి సామాజిక మాధ్యమాల ఖాతాల వివరాలు అడుగుతున్నాయి, విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలని ఆ దేశం 2025 జూన్‌లో ఆదేశించింది. పై చదువులకు అక్కడికి వెళ్ళదలచిన తెలుగు విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు.

మాట ఎవరిదని అడగడమే నియమంగా పెట్టుకున్న వేదిక కూడా ఒకటుంది: ఫేస్‌బుక్‌కు రెండు నెలల ముందు, 2003 డిసెంబరులో, తెలుగు వికీపీడియా మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, అయితే రాసినదానికి ఆధారం చూపాలన్నది అక్కడి నియమం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల మీద అందులో వేల వ్యాసాలున్నా, చాలావాటిలో 2011 జనగణన అంకెలకు మించి పెద్దగా ఏమీ లేదు. ఆ ఊళ్ళ చెరువుల పేర్లు, గుడి శాసనాల వివరాలు, ఆగిపోయిన మగ్గాల కథలు జిల్లా గ్రంథాలయాల్లోని పుస్తకాలలోనూ పాత గెజిటీర్లలోనూ ఉన్నాయి. వాటిని వెతికి, పుట సంఖ్యతో సహా ఎక్కించగల చదువు ఇప్పుడు ఈ సభలో కూర్చున్నవారికి ఉంది.