పండగ ముందు మన డబ్బు, మన జాగ్రత్త
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మన చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో మోసగాడికి బాగా తెలుసండి. సంక్రాంతి ముందు పంట డబ్బు వస్తుంది, పట్నంలో ఉన్న పిల్లలు పంపుతారు, బ్యాంకు లింకేజీ అప్పు కూడా ఖాతాలో ఉంటుంది. బట్టలు కొనాలి, పిండివంటలు వండాలి, ఇంటినిండా చుట్టాలు. సరిగ్గా ఆ హడావిడిలోనే ఫోను మోగుతుంది. మా మీటింగుల్లో సభ్యులు చెప్పుకున్న మోసాలు కొన్ని మీకూ చెబుతాం.

మొదటిది, "పండగ కానుక పడుతుంది, పిన్ కొట్టండి, ఈ కోడ్ స్కాన్ చెయ్యండి" అంటారు. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నాడంటే మన డబ్బు లాగడానికే.

రెండోది, వాట్సాప్‌లో "పథకం అర్హుల జాబితా" అనో, "పండగ ఆఫర్" అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. అది ఫోన్‌లో చేరితే మన ఓటీపీలు వాడు చదువుతాడు. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా నొక్కొద్దు, సంఘం గ్రూపులోకి పంపొద్దు.

మూడోది వేలిముద్ర. "పడలేదమ్మా, మళ్ళీ వేలు పెట్టు" అంటే, ముందు రసీదు చూపించమనండి. ఊరికే రెండోసారి పెట్టొద్దు.

నాలుగోది పండగ చీటీ. వారానికి 100 రూపాయలు కడితే పండగకి చీర, వెండి భరిణె, సరుకులు అంటారు. 50 వారాలకి 5,000 అవుతుంది. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసే పథకాలను 2019లో కేంద్ర చట్టం నిషేధించింది. రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. చూపించకపోతే ఆ 100 మన పొదుపులోనే వెయ్యండి.

ఇంకొకడు పోలీసునంటాడు, వీడియో కాల్‌లో అరెస్టు చేశామంటాడు. ఫోన్‌లో అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు.

ఈ మోసాల్లో చాలావాటికి రెండు గుర్తులుంటాయి. ఒకటి తొందర, రెండు "ఎవరికీ చెప్పొద్దు" అనడం. మన సంఘంలో తీర్మానం రాయకుండా, సంతకాలు లేకుండా రూపాయి కదలదు కదా. ఇంట్లో కూడా అలాగే ఉందాం. తెలియనివాడు డబ్బు అడిగితే "మా సంఘంలో అడిగి చెబుతాను" అనండి. నిజమైనవాడైతే ఆగుతాడు, దొంగైతే ఫోను పెట్టేస్తాడు.

ఇప్పుడు అసలు మాట. మా సభ్యురాలు ఒకామె డబ్బు పోయాక మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తిడతారని, సంఘంలో నవ్వుతారని భయం. కిస్తీ కట్టలేకపోయినప్పుడు బయటపడింది. అప్పటికి ఆ డబ్బు చేతులు మారిపోయింది. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేస్తే, డబ్బు వెళ్ళిన ఖాతాలో ఇంకా ఉంటే దాన్ని ఆపించే వీలుంటుంది. ఆమెకి నష్టం చేసింది మోసగాడొక్కడే కాదండి, మనమంటే ఉన్న భయం కూడా.

అందుకే మేము తీర్మానం రాసుకున్నాం. డబ్బు పోయిందని చెప్పిన సభ్యురాలిని "ఎందుకు నొక్కావు" అని ఎవరూ అనకూడదు. ముందు ఆమె చేత 1930కి ఫోన్ చేయించాలి, తర్వాత బ్యాంకుకి తోడు వెళ్ళాలి. డబ్బు వెళ్ళిన మెసేజీలు చెరపకూడదు. చదువురాని సభ్యులకి ఫోన్ చేసిపెట్టడానికి ఇద్దరిని పెట్టుకున్నాం.

భోగి లోపల ప్రతి సంఘం ఈ తీర్మానం మీ పుస్తకంలో కూడా రాసుకోవాలని కోరుతున్నాం. 1930 నంబరు గోడమీద, పాస్‌బుక్ అట్టమీద రాసిపెట్టండి.