నిద్రించు విత్తనము



పెరటిలో నేలవేమును విత్తనమునుండి పెంచు విధమును, మేమొనర్చిన యొక పొరపాటుతో నారంభించి చెప్పెదము.

హోసూరులో మన తమిళ సోదరులు నిలవేంబు అని పిలుచు మొక్కయే యిది. ఒక యేడు పుష్యమాసమున, ఎండిన కాయలు పగిలి విత్తులు చెదరిపోకముందే, బాలురచే వానిని కోయించి, వెంటనే బడి తోటలోని మడియందు చల్లించితిమి. మూడు వారములైనను ఒక్క మొలకయు రాలేదు. నీరు పోయు వంతు గల బాలుని, అశ్రద్ధ చేసితివని అందరియెదుట మందలించితిమి. వాడు తల వంచుకొని నిలిచెనే గాని మారు పలుకలేదు. మరునాడును నీరు పోసెను.

వేసవి సెలవుల పిదప జూన్‌లో బడి తెరచునప్పటికి, వానలకు అదే మడినిండ మొలకలు లేచియుండెను. దోషము బాలునిది కాదు. క్రొత్త నేలవేము విత్తనము ఇంచుమించు 5, 6 నెలలు నిద్రించును. అది యెరుగనిది మేము. ఏ తరగతియెదుట మందలించితిమో ఆ తరగతియెదుటనే వానికి క్షమాపణ చెప్పుకొంటిమి.

కావున విత్తనములను కాగితపు పొట్లమున పొడిగా దాచి, మే, జూన్ నెలలలో చల్లవలెను. విత్తు మిక్కిలి సన్నము; ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పిన చాలును. నీటిని ధారగా పోయక చిలుకరింపవలెను. సుమారు 45 దినములకు నారును తీసి, 30 సెంటీమీటర్ల యెడముతో నాటవలెను. పూతకు వచ్చినపుడు కోసి నీడలో ఆరబెట్టవలెను. జ్వరమునకు కషాయముగా వాడుదురు గాని, పిల్లలకు వైద్యుని యడిగిన పిదపనే యీయవలెను.

మడి మొలవనిచో, నీరు పోసినవారిని నిందించుటకు ముందు, విత్తనమెప్పటిదో విచారింపుడు.