కడుపుతో ఉన్నప్పుడు వచ్చే నడుం నొప్పి, ముడ్డిపూస నొప్పి
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మాట్లాడినది)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి నాకంటే ముందు మాట్లాడిన అక్కలు శానా వివరంగా చెప్పినారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. రక్తహీనత గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్తానే ఉన్నారు. అందుకని ఇంతవరకు ఈ సభలో ఎవరూ పలకని నొప్పి ఒకటి తీసుకున్నా. గర్భిణీకి వచ్చే నడుం నొప్పి, దాని కింద ముడ్డిపూస నొప్పి. ఆ మాట మైకులో అంటే వెనక కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఏం పర్వాలేదు. ఆ పేరు చెప్పను సిగ్గుపడే కదా నర్సమ్మ అడిగినా "నడుం నొప్పి" అని చెప్పి ఊరుకుంటాం.

ఈ రెండూ ఒకటి కాదు. నడుం నొప్పి ఎక్కువగా నిలబడినప్పుడు, వంగినప్పుడు, బిందె ఎత్తినప్పుడు వస్తుంది. ముడ్డిపూస నొప్పి కూర్చుంటే వస్తుంది, కూర్చున్నచోటు నుంచి లేయబోతే ఇంకా ఎక్కువ. ఎందుకంటే, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు దారి ఇవ్వను ఒంట్లో రిలాక్సిన్ అనే హార్మోన్ ఊరుతుంది. కటి ఎముకలను పట్టి ఉంచే కీళ్లు దానితో సడలుతాయి. కడుపు ముందుకు పెరిగే కొద్దీ నడుము లోపలికి వంగుతుంది. పైన బరువు, కింద వదులైన కీళ్లు. గర్భిణీల్లో సగం మందికి ఏదో ఒక నెలలో నడుం నొప్పి వస్తుంది. కాబట్టి "నాకొక్కదానికే ఏమైందో" అని భయపడే పని లేదు.

అయితే మన పనులు చూడండి. జూన్‌లో వాన పడేలోపల విత్తనం శెనక్కాయలు వలవల్ల. పొద్దున సంకటి తిని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేసేది లేదు, అదీ గట్టి బండ మీద. నా రెండో కాన్పుకి ఏడో నెలలో మా ఇంట్లో కదిరి-6 కాయలు వలిచినాము. లేయబోతే ముడ్డిపూసలో సూది దించినట్లు ఉండేది, గోడ పట్టుకుని లేసేదాన్ని. ధర్మవరంలో ఇచ్చిన మా చిన్నాన్న కూతురికీ ఇదే బాధ. ఆమె కింద కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతుంది. హిందూపురం దిక్కు గార్మెంట్లకు పోయే పిల్లలకు స్టూలు మీద పొద్దంతా కుట్టే పని. నేల అయినా స్టూలు అయినా, కదలకుండా కూర్చుంటే నొప్పి ఒకటే.

నాకు గుణం ఇచ్చింది ఏమంటే, మా ఏఎన్‌ఎమ్మమ్మ చెప్పిన లాడం దిండు. పాత చీర గట్టిగా చుట్టి, గుర్రం లాడం మాదిరి వంచి, తెరిచిన పక్క వెనక్కి వచ్చేట్లు వేసుకుని కూర్చోవల్ల. తొడల మీద బరువు పడుతుంది, పూస కింద ఖాళీగా ఉంటుంది. రోంత ముందుకు వంగి కూర్చుంటే ఇంకా నయం. అరగంటకోసారి లేసి నాలుగడుగులు వేయండి, ఆ నాలుగడుగులకు పని ఏమీ ఆగిపోదు. పండుకున్నప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండో, మడిచిన దుప్పటో పెట్టుకోండి. లేసేటప్పుడు నేరుగా లేయొద్దు. పక్కకు దొర్లి, చేతులు ఆనించి లేయండి. బిందె ఎత్తాలంటే నడుం వంచకుండా మోకాళ్లు వంచండి, సగం బిందె రెండుసార్లు తెచ్చుకున్నా మంచిదే.

ఇంకొకటి. పాకే బిడ్డ మాదిరి చేతులు, మోకాళ్ల మీద ఉండి, వీపును పిల్లి లాగా మెల్లగా పైకి ఎత్తి మళ్లీ సమానంగా చేయండి, ఎనిమిది పది సార్లు. ఇంట్లో వాళ్లు చూసి నవ్వుతారు, తలుపు వేసుకోండి. నొప్పి పెరిగితే ఆపేయండి. గోరువెచ్చటి బట్టతో నడుముకు కాపడం పెట్టొచ్చు, కడుపుకు పెట్టొద్దు. మలబద్ధకం ఉంటే ముడ్డిపూస నొప్పి రెండింతలు అవుతుంది. నీళ్లు బాగా తాగండి, ఆకుకూర, రాగి సంకటి వదలొద్దు.

చేయకూడనిది కూడా చెప్తా. ఊర్లో నొప్పికి ఒక సూది వేయించుకుంటే తగ్గుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం సూదులు, మాత్రలు గర్భిణీకి వద్దు. అయిదో నెల దాటినాక అవి లోపల బిడ్డ మూత్రపిండాలకు చేటు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, పీహెచ్‌సీ డాక్టరును అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. "కడుపుతో ఉంటే నడుం నొప్పి మామూలే" అంటాం. శానాసార్లు నిజమే. కానీ మా పక్కింటి చెల్లెలికి ఎనిమిదో నెల పడకముందే నడుములో నొప్పి వచ్చి పోతా, వచ్చి పోతా ఉండేది. వేడి చేసిందని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు ఇచ్చినారు. రాత్రికి ఆస్పత్రికి పోతే కాన్పు నొప్పులు మొదలైనాయి అన్నారు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, శానా రోజులు గాజు పెట్టెలో ఉండి బయటపడింది. కాబట్టి నొప్పి లెక్కగా వచ్చి పోతా ఉంటే, రక్తం గానీ ఉమ్మనీరు గానీ పోతే, జ్వరంతో మూత్రం మంటగా ఉంటే, కాళ్లు తిమ్మిరెక్కి బలం పోతే, మూత్రం పట్టు తప్పితే, అది మామూలు నొప్పి కాదు. తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఇవేమీ లేకపోయినా ప్రతి నెలా 9వ తేదీ గర్భిణీల పరీక్షలు ఉంటాయి కదా, ఆరోజు డాక్టరమ్మకు నొప్పి ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి. ఎత్తుకునే బిడ్డ ఉందనో, కంతు కట్టే రోజనో మానుకోవద్దు.

అత్తలు కూడా ఇక్కడ శానామంది ఉన్నారు. "మేము కనలేదా" అనే మాట నేనూ విన్నా. మీరూ ఆ నొప్పి పడినవాళ్లే కదా అత్తమ్మా, మీకు ఎవరూ దిండు వేయలేదని కోడలికి కూడా వేయకుండా ఉంటారా? కోడలికి కాయలు వలిచే పని తప్పించి, పీట మీద కూర్చుని గింజలు ఏరే పని ఇచ్చినా సగం నొప్పి పోతుంది.

మా గ్రామ సంఘంలో ఒక చిన్న పని చేసినాము. సమావేశంలో అందరం కింద చాప మీదే కూర్చుంటాం, కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం వీపు ఆనుకునే కుర్చీ వేస్తాం. ముందు మొహమాటపడి కూర్చోలేదు. లీడర్లమే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినాము. ఇప్పుడు వాళ్లే వచ్చి కుర్చీ లాక్కుంటున్నారు. దీనికి తీర్మానం, ఖర్చు ఏమీ అక్కర్లేదు. మీ సంఘాల్లో కూడా వేయండి.

లాడం దిండ్లు రెండు కుట్టి తెచ్చినా. ఎట్లా చుట్టల్లో చూడాలనుకునేవాళ్లు భోజనాలయినాక స్టేజీ పక్కకు రండి, చూపిస్తా.